పటంలో బురద ఎక్కడ?

ఫిబ్రవరి ఆఖరులో ఏడో తరగతి చదివే మా వాడికి బడిలో చార్టు పని ఇచ్చారు. గడ్డి, గడ్డిని తినే మిడత, మిడతను పట్టే కప్ప, కప్పను మింగే పాము, పామును తన్నుకుపోయే గద్ద. మధ్యలో బాణాలు. పక్కన నాలుగంతస్తుల పిరమిడ్, అందులో ఒక్కో అంతస్తు ఎక్కేసరికి పదో వంతుకు తగ్గిపోయే అంకెలు: 10,000, 1,000, 100, 10. మదనపల్లె దగ్గర మా ఊరి హైస్కూల్లో నేను గీసిందీ ఇదే పటం.

వాడు బాల్కనీలో కూర్చుని రంగులు వేస్తున్నాడు. కింద మా అపార్ట్‌మెంట్‌లో ఊడ్చే అక్క కానుగాకులు పోగుచేసి బస్తాల్లోకి కాలితో తొక్కుతోంది. ఆ రోజుల్లో బెంగళూరు వీధుల్లో కానుగలు ఆకు దులుపుకుంటాయి, పొద్దున ఊడ్చిన చోట మధ్యాహ్నానికి మళ్లీ పరుపులా పడుతుంది. వాడు కుంచె పట్టుకుని కాసేపు కిందికి చూసి అడిగాడు: "అమ్మా, ఆకుల్ని పురుగులూ మేకలూ తినేయాలి కదా. మరి ఈ మూడు బస్తాలు ఎట్లా మిగిలాయి?"

"అవి కుళ్లిపోతాయి నాన్నా" అన్నాను. అంతకు మించి నా దగ్గర మాట లేదు. కుళ్లడమంటే పని అయిపోవడం, కథ ముగిసిపోవడం అన్నట్టే నాకూ నేర్పారు.

వాడు ఊరుకోలేదు. కిందికి వెళ్లి రాలిన ఆకులు ఇరవై ఏరుకొచ్చి లెక్కల నోటు గళ్ల మీద పరిచాడు. కొన్నిటి మీద పురుగు తొలిచిన తెల్లటి మచ్చలు, రెండు మూడింటికి అంచున కొరికిన గుర్తులు. పురుగు తిన్న గళ్లు ఒక పక్క, మిగిలిన గళ్లు ఒక పక్క లెక్కపెడితే, తిన్నవి ఓ మూలకు చాలవు. ఆకులో ఉన్నదంతా దాదాపు అలాగే నేల మీదికి వచ్చింది.

ఆ గళ్ల కాగితం నన్ను చాన్నాళ్లు వదల్లేదు. నేను చెప్పదలచుకున్నది ఇది: మనం పిల్లలకు గీయించే ఆహారపు గొలుసు అబద్ధం కాదు, కానీ నేల మీద ఎక్కువ శక్తి పోయే దారి అందులో లేదు. పచ్చగా ఉన్నదాన్ని తినే దారి మాత్రమే ఉంది. చచ్చినదాన్ని తినే దారి లేదు. పటంలో లేనిది బుర్రలోకి ఎక్కదు. అందుకే చెట్ల కిందా చెరువుల్లోనూ మనం చేసే పనులు ఇన్ని తప్పుతున్నాయి.

లిండెమన్ గీసిన పటం

ఒక మెట్టులోని శక్తిలో పదో వంతే పై మెట్టుకు చేరుతుందన్న ఈ పది శాతం సూత్రాన్ని మన పుస్తకాలు రేమండ్ లిండెమన్ పేరు మీద చెప్తాయి. ఆయన అమెరికాలోని మిన్నెసోటాలో సీడార్ బాగ్ అనే చిన్న చెరువును భార్య ఎలినార్‌తో కలిసి ఐదేళ్లు తవ్వి, తోడి, తూచిన మనిషి. తిండి సంబంధాలన్నిటినీ ఒకే కొలతలో, అంటే శక్తి లెక్కలో చూడొచ్చని ఆయన వాదన. వ్యాసం పంపితే సమీక్షకులు మొదట తిప్పికొట్టారు, సిద్ధాంతం ఎక్కువ, ఆధారం తక్కువ అని. హచిన్‌సన్ అనే పెద్ద శాస్త్రవేత్త పట్టుబట్టాక 1942 అక్టోబరులో అచ్చయింది. అప్పటికే లిండెమన్ లేడు. ఆ జూన్‌లోనే కాలేయ జబ్బుతో పోయాడు. ఇరవై ఆరేళ్లు.

ఆ వ్యాసంలో నన్ను నిలబెట్టేసినవి రెండు. మొదటిది అంకెలు. సీడార్ బాగ్‌లో మొక్కలు పట్టుకున్నది పడిన ఎండలో 0.10 శాతం. వాటిని తినే జీవుల దగ్గర లెక్క 13.3 శాతం, ఆ పైవాళ్ల దగ్గర 22.3 శాతం. పది శాతం ఎక్కడా లేదు. పది అనేది తర్వాతివాళ్లు సులువు కోసం పెట్టుకున్న గుండ్రటి అంకె. చోటును బట్టి, జీవిని బట్టి అది ఐదు కావచ్చు, ఇరవై కావచ్చు. దాన్ని సూత్రమని రాయించి మార్కులు వేస్తున్నాం.

రెండోది అంతకన్నా పెద్దది. చెరువులో ఎవరు ఎవరిని తింటారో చూపే పటం ఒకటి ఆయన గీశాడు. దాని నడిబొడ్డున చేప లేదు, పక్షి లేదు. బురద ఉంది. చెరువు అడుగున పేరుకునే మెత్తటి బురద, దానితోపాటు బ్యాక్టీరియా. బాణాలు చాలా మటుకు దానిలోకి వస్తాయి, దానిలోంచి బయల్దేరతాయి. నీటిలో మెల్లగా చచ్చిపోతున్న మొక్క, దాని ఒంటినిండా అంటుకున్న నాచు, ఆ నాచులోనూ కొంత చస్తూ ఉండటం: ఇందులో ఎంతవరకు బతికున్నది, ఎక్కణ్నుంచి చచ్చినది అని గీత గీయలేమని కూడా రాశాడు. ఎనభై ఏళ్ల కిందట పటం మధ్యలో పెట్టిన బురదను మనం పుస్తకానికి వచ్చేసరికి తుడిచేశాం. పిరమిడ్ ఉంచుకున్నాం.

మొక్క సంగతే చూడండి. ఆకు మీద పడిన ఎండలో అది తిండిగా మార్చుకునేది మామూలుగా నూటికి ఒక వంతు. అందులో సగం దాకా తన బతుకుకే ఖర్చు పెట్టుకుంటుంది. మిగిలినది ఆకు, కొమ్మ, వేరు, కాయ. అడవుల్లో ఆకు పచ్చగా ఉండగా తినబడేది చాలాచోట్ల పదో వంతుకు లోపే. తక్కినదంతా రాలుతుంది. బూజులు, బ్యాక్టీరియా, చెదలు, వానపాములు, రోకలిబండలు దాన్ని తిని బతుకుతాయి. వాటిని తిని మరెన్నో. అన్నిచోట్లా ఇదే లెక్క అనను. సముద్రంలో, పెద్ద సరస్సుల నడిమధ్య నీళ్లలో తేలే నాచును తేలే పురుగులు బతికుండగానే చాలా వరకు తినేస్తాయి, అక్కడ పుస్తకంలోని గొలుసు బాగానే నప్పుతుంది. కానీ మా వాడు సముద్రం గీయలేదు. గడ్డి గీశాడు, పక్కన చెట్టు గీశాడు.

ఒక్క వాన

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం మొదటి వాన పడింది. గంటసేపు గట్టిగా కొట్టి వెలిసింది. కరెంటు వచ్చీ రాగానే మెట్ల దగ్గర ట్యూబులైటు చుట్టూ ఉసుళ్లు, పుట్టలోంచి రెక్కలతో లేచిన చెదలు. వందలు, వేలు. మా వాడు ముందు భయపడి తలుపేశాడు. నేను తలుపు తీసి కూర్చోబెట్టి చూపించాను. రెక్కలు రాల్చి ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. గోడ మీద బల్లులు నాలుగు, వాటి పొట్టలు బుడగల్లా ఉబ్బాయి. కాలువ మూత దగ్గర ఒక గోదురుకప్ప కదలకుండా కూర్చుని నాలుకతో ఒక్కోదాన్నీ లాక్కుంటోంది. చీమలు వరస కట్టాయి. పొద్దున లేచేసరికి గోరింకలు.

మా అవ్వ ఈ రోజు కోసం ఎదురుచూసేది. పుట్ట దగ్గర చిన్న గుంత తవ్వి పక్కన దీపం పెట్టేది. గుంతలో పడిన ఉసుళ్లను ఎత్తుకొచ్చి, పెనం మీద వేయించి, చేటలో చెరిగితే రెక్కలు గాలికి పోయేవి. ఉప్పూ కారమూ వేసి బొరుగుల్లో కలిపి మాకు దోసిళ్లలో పోసేది. నూనె వాసన, వేరుశనగ గింజ లాంటి రుచి. ఆ రుచి ఎక్కణ్నుంచి వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. మా కొండ కింద ఎండిపోయిన బోదగడ్డిని ఆవు కూడా ముట్టదు. దాన్ని చెదలు కోసుకుపోయి పుట్టలో బూజుకు పెడతాయి. ఎండుగడ్డిని అరిగించే పని ఆ బూజుది. బూజు పండించినదాన్ని చెదలు తింటాయి. ఏడాదంతా అలా కూడబెట్టిన శక్తి మొదటి వానకు రెక్కలు కట్టుకుని బయటికి వస్తుంది. ఆ బూజే వానల్లో పుట్ట మీద గొడుగు విప్పుతుంది. పుట్టగొడుగు అన్న మాటలోనే మనవాళ్లు పుట్టను పెట్టారు.

మా వాడి చార్టులో కప్ప, పక్షి వేరువేరు మెట్ల మీద ఉన్నాయి. ఆ రాత్రి మాత్రం అందరూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. వడ్డించింది ఎండుగడ్డి.

మర్నాడు పొద్దున నడకకని మా ఇంటి దగ్గరి చెరువుకు వెళ్లాను. గేటు దాటకముందే వాసన. ఒడ్డు పొడుగునా చేపలు వెల్లికిలా తేలుతున్నాయి, చాలా మటుకు జిలేబీలనే తిలాపియా చేపలు, మధ్యలో పెద్ద పెద్ద బొచ్చెలు. బతికున్నవి నోళ్లు పైకెత్తి నీటి పైపొరను గుటకలు వేస్తున్నాయి. ఒక్క కొర్రమీను మాత్రం మామూలుగా తిరుగుతోంది, దానికి పైకొచ్చి గాలి పీల్చుకునే ఏర్పాటు ఉంది. చేపల గుత్త తీసుకున్న ఆసామి మనుషులు పడవలో తిరుగుతూ చచ్చిన చేపల్ని బస్తాల్లోకి ఎత్తుతున్నారు. వాళ్లలో ఒకాయన మా వైపు యాసలోనే అన్నాడు: "రాత్రి వాన పడింది కదక్కా. అడుగు కదిలింది, మోరీ నీళ్లు ఒక్కసారిగా దిగినాయి. ఊపిరాడలేదు వాటికి."

ఒక్క వాన. ఒక పక్క చచ్చినదాన్ని తినే దారి ఊరందరికీ విందు పెట్టింది. ఇంకో పక్క అదే దారి చెరువును చంపింది. నా వాదం అక్కడ ఒడ్డున ఆగిపోయింది. రాలిన ఆకు మంచిది, బురద మంచిది అని నేను ఇంట్లో చెప్తూ ఉంటే, ఈ చేపలు ఎందుకు చచ్చాయి?

సింధనూరు ఎండ

మోరీ నీళ్లంటే ఏమిటి? మన పళ్లేల్లో మిగిలిన అన్నం, మనకు అరగని తిండి, గిన్నెలు కడిగిన నూనె. మేం తినే సోనా మసూరి బియ్యం రాయచూరు, సింధనూరు వైపు నుంచి వస్తుంది. అంటే తుంగభద్ర కాలువ కింద మళ్ల మీద పడిన ఎండ, బియ్యమై, లారీ ఎక్కి, మా వంటింట్లోంచి మోరీలోకి, మోరీలోంచి చెరువులోకి దిగుతోంది. తన మీద పడే ఎండలో నూటికి ఒక వంతుతో బతకాల్సిన చెరువు మీద ఎక్కడెక్కడి పొలాల ఎండనో తెచ్చి పోస్తున్నాం. అది విషం కాదు. తిండే. మోయలేనంత తిండి.

ఆ తిండిని బ్యాక్టీరియా తినాలంటే ఆక్సిజన్ కావాలి. నీటి పరీక్షల్లో బీవోడీ అని చెప్పేది ఈ లెక్కే: లీటరు నీటిలో ఉన్న తిండిని తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ పడుతుంది అని. స్నానానికి పనికొచ్చే నీటికి మన దేశంలో పెట్టిన హద్దు లీటరుకు 3 మిల్లీగ్రాములు. శుద్ధి చేయని మురుగులో అది 200 పైన ఉండటం మామూలు. మరి నీటిలో కరిగి ఉండగలిగే ఆక్సిజన్ ఎంత? మన ఎండల్లో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు, అదీ నీళ్లు బాగున్నప్పుడు. ఒక్క లీటరు మురుగు పాతిక లీటర్ల మంచి నీటి ఊపిరి మొత్తం తాగేయగలదన్న మాట. రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్‌నే పీలుస్తుంది కాబట్టి తెల్లవారుజామున అడుగంటుతుంది. చేపలు చచ్చేది అప్పుడే.

అదే కానుగాకుల కుప్ప గాలిలో ఉంది. ఒక లీటరు గాలిలో ఆక్సిజన్ దాదాపు 250 మిల్లీగ్రాములు, అయిపోతే పక్కనుంచి మళ్లీ వస్తుంది. తినేవాళ్లు వాళ్లే, పని ఒకటే. ఊపిరి దొరికిన చోట వానపాము దాకా, గోరింక దాకా శక్తి మెట్లెక్కుతుంది. దొరకని చోట బ్యాక్టీరియా దగ్గరే ఆగి, పైనున్న మెట్లన్నీ కూలిపోతాయి.

ఈ సంగతి తెలిస్తే నగరం చెరువుల వార్తలు వేరేగా కనిపిస్తాయి. 2016 మార్చిలో అలసూరు చెరువులో వేలాది చేపలు తేలాయి. బెళ్లందూరులో నురగ రోడ్ల మీదికి ఎగిరింది, 2015లో, 2017లో, 2018లో మంటలు లేచాయి. నీళ్ల మీద నిప్పు ఏమిటని అందరం నోరు తెరిచాం. నురగలో సబ్బు పాలు ఎక్కువే, ఒడ్డున పడేసిన చెత్త పాలూ ఉంది. కానీ ఊపిరాడని బురదలో తిండి కుళ్లితే మీథేన్ పుడుతుంది, మీథేన్ అంటేనే వంటగ్యాస్‌లా మండేది. తినేవాళ్లకు అందని శక్తి ఎక్కడికీ పోదు. ఏదో ఒక రూపంలో అక్కడే ఉంటుంది.

దీనికి మందు చచ్చినదాని దారిని మూసేయడం కాదు, ముందుగా దానికి చోటు చూపడం. జక్కూరు చెరువులో శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లను నేరుగా చెరువులోకి వదలకుండా జమ్ము పెరిగే తడినేల గుండా పంపిస్తారు. జమ్ము వేళ్ల మీద అంటుకున్న జీవులు మిగిలిన తిండిని అక్కడ తినేస్తాయి, తర్వాత నీళ్లు చెరువులోకి దిగుతాయి. లిండెమన్ పటం మధ్యలోని బురదకు చెరువు ముందు ఒక గది కట్టినట్టు. చాలా చెరువుల్లో మనం బాగుచేయడం పేరుతో సరిగ్గా దీనికి వ్యతిరేకం చేస్తాం. జమ్ము పీకి, ఒడ్డు నిట్టనిలువుగా కోసి, రాయి పరిచి, లోతు ఒకే తీరుగా తవ్వి, చుట్టూ నడక బాట వేస్తాం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కొంగ నిలబడటానికి మోకాలి లోతు చోటుండదు.

నాకు ఎదురు చెప్పినవాళ్లు

అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఆకుల్ని బస్తాల్లో బయటికి పంపొద్దు, చెట్ల కిందే వదులుదాం అన్నాను. పాములొస్తాయి, తేళ్లొస్తాయి, దోమలొస్తాయి అన్నారు. దోమకు నిలిచిన నీళ్లు కావాలి, ఎండాకు కాదు అని చెప్పాను, కొందరు ఒప్పుకున్నారు. పాముల మాట మాత్రం నేనూ కొట్టిపారేయలేను. మా ఊళ్లో గడ్డివాము కదిలిస్తే కట్లపాము బయటపడ్డ రోజులు నాకు గుర్తున్నాయి. పసిపిల్లలు ఆడుకునే చోట ఆకు పరుపు వద్దన్న ఒక అమ్మమ్మగారి మాట న్యాయమే. చివరికి వెనక గోడ దగ్గర రెండు కానుగల కింద మూల ఒక్కటి ఊడ్వకుండా వదిలేద్దామని, దాని చుట్టూ ఇనుప జాలీ కడదామని ఒప్పందం కుదిరింది.

నేను ముందు అడగాల్సింది ఊడ్చే అక్కను. తర్వాత అడిగాను. కర్నూలు వైపు మనిషి. "ఊర్లో అయితే దిబ్బకు ఏసుకుంటాం గదమ్మా. ఈడ బస్తా కట్టి బయట పెట్టమంటారు, ఆ బండోడు ఎప్పుడొస్తాడో ఏమో, అంతదాకా నన్నే తిడతారు" అంది. చేలోని తిండి చేలోకి పోవాలన్న లెక్క ఆమెకు పుస్తకం లేకుండానే తెలుసు. మూల వదిలేస్తే ఆమెకు రోజుకొక బస్తా మోత తగ్గుతుంది, అదీ నా వాదంలో నేను మొదట చూసుకోని సంగతి.

చచ్చినదాన్ని తినేవాళ్లు పోతే ఏమవుతుందో ఈ దేశం ఒకసారి చూసింది. తొంభైల్లో రాబందులు రాలిపోయాయి. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను చంపుతోందని 2004లో బయటపడింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అప్పటికి కొన్ని జాతుల్లో నూటికి తొంభై పైన పోయాయి. బెంగళూరు నుంచి మైసూరు దారిలో రామనగర కొండల మీద ఇంకా కొద్ది రాబందులు ఉన్నాయని తెలిసి ఒకసారి వెళ్లాం. మాకు కనబడలేదు. పిల్లల చార్టుల్లో రాబందు ఎప్పుడూ లేదు, గద్దే ఉంది.

మా వాడి టీచరమ్మతోనూ మాట్లాడాను. ఆవిడ మంచి మనిషి, విసుక్కోలేదు. "చిన్నపిల్లలకు ముందు తేలికైంది చెప్పాలి కదండీ. కుళ్లబెట్టే జీవుల సంగతి ఎలాగూ పాఠం చివర్లో వస్తుంది" అన్నారు. పాఠం చివర్లో రావడం గురించే నా బాధ. చివర్లో వచ్చేది చెత్త బుట్ట లాగా కనిపిస్తుంది, అంతా అయ్యాక ఊడ్చేవాళ్ల లాగా. పైగా, ఏది తేలిక? గద్ద పామును ఎత్తుకుపోవడం మా వాడు పుట్టి ఇంతవరకూ చూడలేదు, నేనూ రెండుసార్లే చూశాను. రాలిన ఆకును రోజూ తొక్కుకుంటూ బడికి పోతున్నాడు. కళ్ల ముందున్న దానితో మొదలుపెట్టడం కష్టమెందుకు అవుతుంది? కానీ ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు: పరీక్షలో అడిగేది నాలుగు మెట్ల గొలుసే, పిల్లవాడు బురద మధ్యలో గీస్తే దిద్దేవాళ్లు ఏం చేస్తారు అని. దానికి నా దగ్గర జవాబు లేదు. వాడు చార్టు పుస్తకంలో ఉన్నట్టే గీసి ఇచ్చాడు. మార్కులు బాగానే వచ్చాయి.

జాలీ మూలలో ఇప్పుడు జానెడు లోతున ఆకు పేరుకుంది. జూలైలో ఒక ఆదివారం మేమిద్దరం చేత్తో పొరలు విప్పి చూశాం. పైన ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి. కింద పొరలో ఈనెలు మాత్రం మిగిలి వలలా అయ్యాయి, వాటి మీద తెల్లటి బూజు దారాలు. ఇంకాస్త కింద రోకలిబండ ఒకటి చుట్ట చుట్టుకుంది, దాని పక్కనుంచి జెర్రి సర్రున పోయింది. అడుగున ఆకు అన్న ఆనవాలే లేదు, నల్లటి మెత్తటి మట్టి, వాన వాసన. అరచేతిలోకి తీసుకుంటే వెచ్చగా తగిలింది. "ఎందుకు వేడిగా ఉంది?" అన్నాడు. తింటున్నారు కదా, తిన్నప్పుడల్లా శక్తిలో ఎక్కువ పాలు వేడిగా పోతుంది అని చెప్పాను. పిరమిడ్‌లో తగ్గిపోయే అంకెలు ఎక్కడికి పోతాయో వాడి అరచేతికి తెలిసింది అప్పుడే. చాలాసేపు మట్టి కింద పెట్టలేదు.

ఇవాళ పొద్దున రెండు గోరింకలు ఆ మూలలో ఆకుల్ని ముక్కుతో తిరగేస్తున్నాయి. ఊడ్చే అక్క చీపురు కింద పెట్టి, అవి లేచేదాకా పక్కనే నిలబడింది.